దశరథం సర్దారు దుర్బీను

మందమర్రిలో పాత క్వార్టర్ల మూడో వరుసలో ఒక పెరట్లో, భూమిలోకి మూరెడు దిగేసిన కర్ర దిమ్మె ఒకటి ఉండేది. బొగ్గు బావిలో పైకప్పు కూలకుండా నిలబెట్టే దిమ్మె అది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని బర్రెను కట్టేసే గుంజ అనుకునేవారు. ఆ ఇంట్లో బర్రె లేదు, మేక లేదు, చివరికి కోడి కూడా లేదు. దశరథం ఆ దిమ్మె మీద దుర్బీను ఆనించుకుని చుక్కలు చూసేవాడు. బొగ్గు బావి నుంచి బయటపడ్డ మనిషి కల్లు దుకాణానికి పోవాలి గానీ ఆకాశానికి మెడ చాపడమేమిటని వాడకట్టంతా నవ్వేది. నవ్వనీ, ఆ నవ్వు వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. నష్టం జరిగింది వేరే దారిలో.

దశరథానిది హుజూరాబాద్ దగ్గర పల్లె. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన ఏడాది, ఇరవై ఏళ్ల వయసులో గనుల దారి పట్టాడు. పదేళ్లు బొగ్గు కొట్టాడు. బొగ్గు కొట్టడమంటే దర్జాగా నిలబడి కొట్టడం కాదు. మూడడుగుల సందులో పక్కకు ఒరిగి పడుకుని, మినుకుమినుకుమనే దీపం దగ్గర కళ్లు చికిలించుకుని పికాసు ఆడించడం. తర్వాత పట్టుబట్టి చదివి, పరీక్ష రాసి సర్దారు అయ్యాడు.

సర్దారు పని వేరు. షిఫ్టు మొదలు కాకముందే దిగి, మనుషులు పని చేయబోయే ప్రతి చోటా ఆగి, ఇనుప కడ్డీతో కప్పును తట్టి, డొల్లగా మోగుతోందేమో వినాలి. ఆ తర్వాత, మంట చుట్టూ ఇనుప జాలీ ఉన్న దీపం వత్తిని బాగా తగ్గించి కప్పు దాకా ఎత్తి పట్టుకోవాలి. గ్యాస్ ఉంటే ఆ చిన్న మంట నెత్తిన లేత నీలం టోపీ ఒకటి లేస్తుంది. ఉందా లేదా అన్నంత పలచగా ఉంటుంది. అది లేదని నమ్మకం కుదిరితే గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెట్టి, పైకి వచ్చి "పోండ్రి" అనాలి. ఆ ఒక్క మాట మీద పందొమ్మిది మంది లోపలికి పోయేవారు. ఏడేళ్లలో దశరథం సుద్ద రాతను అనుమానించిన వాడు ఒక్కడు లేడు.

చుక్కల పిచ్చి పట్టింది అరవై రెండులో. అష్టగ్రహ కూటమి వస్తోందని, లోకం మునిగిపోతుందని ఊరూరా హోమాలు చేశారు. దశరథం పెండ్లాం బుచ్చవ్వ మూడు రోజులు పొయ్యి సరిగా ముట్టించలేదు. ఎట్లాగూ పోయేదానికి వంట దేనికని ఆమె లెక్క. దశరథానికి మాత్రం ఒకటే అనుమానం. అన్ని గ్రహాలు ఒక్క చోట చేరితే అవి కంటికి కనబడాలి కదా? ఎవరిని అడిగినా పంచాంగం చూపించారు గానీ ఆకాశం చూపించిన వాడు లేడు. లోకం మునగలేదు. అనుమానం మాత్రం తీరలేదు.

బజారులో గడియారాలు బాగుచేసే అజీముద్దీన్ దగ్గర గ్రహాల గురించి ఉర్దూ పుస్తకం ఒకటి ఉండేది. ఎవడో చనిపోయిన సర్వేయరు సామానులో కొన్న ఇత్తడి దుర్బీను కూడా ఉండేది. ముడిస్తే జానెడు, లాగితే మూరెడు. దశరథం అడగ్గా అడగ్గా ఆయన అది ఇచ్చేశాడు. దానితో చంద్రుడి మీది గుంటలు కనిపించాయి. గురుగ్రహం పక్కన నాలుగు చిన్న చుక్కలు కనిపించాయి. అవి గురుడి చంద్రులనీ, రోజుకో చోటికి జరుగుతాయనీ పుస్తకంలో ఉంది. జరిగాయి కూడా. పగలంతా నేల కింద ఉన్న మనిషికి ఆ నాలుగు చుక్కలు దక్కడం చిన్న సంగతి కాదు. వాటిని చూసినంతసేపూ అతనికి తన ఒంటి మీద బొగ్గు ఉన్న సంగతే గుర్తుండేది కాదు.

మూడేళ్లు బాగానే గడిచింది. అరవై అయిదు కార్తీకంలో గురుడు ఊగడం మొదలుపెట్టాడు.

ఊగడమంటే, దుర్బీనులో కన్ను పెట్టగానే ఆ చుక్కలన్నీ కలిసి సన్నగా, విడవకుండా అటూ ఇటూ కొట్టుకునేవి. నాలుగు చుక్కలు నాలుగు గీతలైపోయేవి. మొదట చేతి వణుకు అనుకున్నాడు. పక్కింటి కొండల్‌ను పిలిచి, ఇద్దరూ కలిసి పెరట్లో ఆ దిమ్మె పాతారు. కొండల్ బొగ్గు కొట్టేవాడు, దశరథం షిఫ్టులో మనిషే. వాడి పెండ్లాం రామవ్వ ఇంట్లో ఉప్పు అయిపోతే బుచ్చవ్వ ఇంటికి వచ్చేది, ఇక్కడ పప్పు అయిపోతే బుచ్చవ్వ అటు పోయేది. దిమ్మె పాతిన కూలి కింద కొండల్‌కు ముందుగా చూసే అవకాశం దొరికింది.

"నాలుగు సుక్కలున్నయే అన్నా," అన్నాడు కొండల్. "ముగ్గేసేటప్పుడు సుక్కలు వెడ్తరు సూడు, గట్ల ఒక్క వరుసల."

"ఆడ్తలేవా?"

"ఆడుడేంది? ఉన్నకాడ్నే ఉన్నయి."

దశరథం నవ్వాడు. "నీకింక సూసుడు తెల్వదు తియ్యి," అన్నాడు.

దాచిపెట్టి చెప్పాల్సిన కథ కాదిది. కొండల్ చూసిందే నిజం. దుర్బీనులో లోపం లేదు. ఊగుతున్నవి దశరథం కళ్లు. ఏళ్ల తరబడి మసక వెలుతురులో పక్కకు పడుకుని బొగ్గు కొట్టినవాళ్లలో కొందరికి ఈ జబ్బు వస్తుంది. చీకట్లో కనుగుడ్లు వాటంతట అవే కొట్టుకుంటాయి. పగటి వెలుతురులో నిమ్మళిస్తాయి, అందుకే మనిషికి అనుమానం రాదు. తల వెనక్కి వంచి చూపు కిందికి దించితే కాస్త నయంగా ఉంటుంది. దశరథం తెలియకుండానే అట్లా నడవడం నేర్చుకున్నాడు. సర్దారుకు పొగరెక్కి మెడ లేచిందని బావిలో గొణుక్కున్నారు. అందరూ అతని మెడనే చూశారు గానీ కళ్లు చూసిన వాడు లేడు.

ఇక లోపల దీపం సంగతి. అది కూడా ఊగుతోంది. కనీకనబడని ఆ నీలం టోపీని ఊగే మంట మీద వెతకాలి. గాలి జోరు ఎక్కువైందని దశరథం తనకు తాను చెప్పుకున్నాడు. చూసినట్టే చూసి, ఏడేళ్ల అలవాటు మీద, సుద్దతో సంతకం పెట్టాడు. అతను కావాలని మోసం చేయలేదు. కానీ ఆకాశంలో గురుడు ఊగితే నెలల తరబడి కారణం వెతికిన మనిషి, చేతిలో దీపం ఊగితే ఒక్క పూటయినా వెతకలేదు. అతని మీద కోపం వచ్చేది అక్కడే.

అజీముద్దీన్ ఇత్తడి దుర్బీనును రెండుసార్లు విప్పి తుడిచాడు. పగలు దుకాణం ముందు నిలబడి చూస్తే ఆయనకూ బాగానే ఉంది, దశరథానికీ బాగానే ఉంది. "అద్దం పాతదైంది కావచ్చు," అన్నాడు మొహమాటంగా. తాను ఇచ్చిన వస్తువు మీద మాట వచ్చింది కదా.

దాంతో మంచి దుర్బీను కొనాలన్న పట్టుదల దశరథాన్ని పట్టుకుంది. బొంబాయి దుకాణం వాళ్ల బొమ్మల పుస్తకం ఒకటి తెప్పించుకున్నాడు. అందులో ఇంగ్లీషు చదవలేకపోయినా అంకెలు చదవగలిగాడు. ఒకటి యాభై రెట్లు పెద్దగా చూపిస్తుంది, ఇంకొకటి నూట ఇరవై. అతని వేలు నూట ఇరవై మీదే ఆగేది.

"గా రెట్లు సూడకు భాయ్," అన్నాడు అజీముద్దీన్. "ఎంత పెద్దగ సూపెడితే వణుకు గంత పెద్దగైతది. ముందుగాల నోరు సూడు. అద్దం ఎంత ఎడల్పుంటే గంత ఎలుగు వడ్తది. గా తర్వాత కాళ్లు సూడు. కాళ్లు గట్టిగ లేకుంటె ఎసొంటి దుర్బీనైనా బేకార్."

బుచ్చవ్వ వెండి కడియాలు ఎటు పోయాయో వాడకట్టులో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. పుష్యమాసంలో దశరథం రెండు రోజులు సెలవు పెట్టి రైలెక్కి హైదరాబాదు పోయాడు.

సందులో పాత సామాన్ల దుకాణం. ముసలి దుకాణదారు రెండు దుర్బీన్లు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి పొడవుగా, సన్నగా, పెండ్లికొడుకులా మెరిసిపోతోంది. దాని మీద నూట ఇరవై అని చెక్కి ఉంది. రెండోది పొట్టిది, నల్ల రంగు పెచ్చులూడింది, సొట్ట ఒకటి. కానీ దాని నోరు మూడంగుళాలు. దానికి మూడు కర్ర కాళ్లు, ఒక్కొక్కటి మనిషి మణికట్టంత లావు. దశరథం మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు, పెట్టలేక పెట్టలేక పెట్టాడు. రెండోదాన్ని వాకిట్లో నిలబెట్టి దూరంగా ఉన్న మినారు మీదికి తిప్పాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. మినారు అంచున పావురం ఒకటి ఈకలు సర్దుకుంటోంది. దాని మెడ మీది పచ్చరంగు కూడా కనబడుతోంది. పావురం కదిలింది గానీ మినారు కదల్లేదు. చాలాసేపు చూశాడు. మినారు కదల్లేదు.

ఆనందం పట్టలేక, దుకాణదారు చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఆ ముసలాయన కంగారుపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

నిజానికి మంచి దుర్బీనునే ఎంచుకున్నాడు. మెరుపును కాదని వెడల్పును పట్టుకున్నాడు, కాళ్లు చూసుకున్నాడు. కొత్తగా చుక్కలు చూసేవాడు చేసే తప్పు ఒక్కటి కూడా చేయలేదు. రాత్రి వాడే వస్తువును పగలు చూసి కొన్నాడు, అంతే. అది బావి మనిషి చేసే తప్పు. రోజంతా చీకట్లో పని చేసేవాడికి, వెలుతురులో కనబడిందే నిజమని గట్టి నమ్మకం.

ఇంటికి చేరిన సాయంత్రమే చీకటి పడగానే గురుడి మీదికి తిప్పాడు. గురుడు ఊగాడు. ఇప్పుడు ఇంకా పెద్దగా, ఇంకా స్పష్టంగా ఊగాడు. దశరథం దుకాణదారును తిట్టిన తిట్లకు బుచ్చవ్వ చెవులు మూసుకుంది.

మరునాడు దీపాలు పెట్టే వేళకు అజీముద్దీన్‌ను లాక్కొచ్చాడు. ఆయన వంగి, కన్ను పెట్టి, చాలాసేపు లేవలేదు. "సుభానల్లా," అన్నాడు. "మేకు గొట్టినట్టు నిలవడ్డది."

"ఏది, సరిగ్గ సూడు."

"సూస్తున్న భాయ్. నాలుగు సుక్కలు. పట్టె సుత ఒకటి అవుపడ్తుంది గురుని మీద. జర గూడ కదుల్తలేదు."

అజీముద్దీన్ ఇత్తడి దుర్బీను కూడా తెమ్మన్నాడు. దిమ్మె మీద ఆనించి చూశాడు. అదీ నిలబడే ఉంది. ఆయన దశరథాన్ని లోపలికి తీసుకుపోయి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, కందిలి వత్తిని తగ్గించాడు. జేబులోంచి గడియారాలు చూసే భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. దశరథం ముఖం మీదికి వంగాడు. బుచ్చవ్వ గడపలో నిలబడి చూస్తోంది.

"అజీమన్నా, ఏంది?" అంది.

"గుడ్లు ఆడ్తున్నయి," అన్నాడు అజీముద్దీన్ మెల్లగా. "గడియారంల సన్న చక్రం తీర్గ."

దశరథానికి ముందుగా గుర్తొచ్చింది గురుడు కాదు, దీపం. ఎన్ని రోజులు, ఎన్ని చోట్ల, ఎన్ని సంతకాలు.

"రేపు పొద్దుగాల డాక్టర్ తాన్కి పో," అన్నాడు అజీముద్దీన్. "దీపం వట్టే పని నీది. గిది ఆటగాదు."

"జెర్ర ఆగు. ఎవ్వలకు చెప్పకు."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

"ఒక్క వారం," అన్నాడు దశరథం. "మందేస్త. తగ్గకుంటె నేనే చెప్త."

ఎందుకు ఆగాడు అంటే భయం. సర్దారు కాకపోతే ఏమవుతాడు? బొగ్గు కొట్టే వయసు దాటింది. క్వార్టరు పోతుందేమో. అన్నిటికంటే, "సర్దార్" అన్న పిలుపు పోతుంది. ఆ వారం అతనిది రాత్రి షిఫ్టు. తొమ్మిదికి బావిలోకి దిగాడు. ప్రతి చోటా దీపం ఎత్తాడు. మంట కొట్టుకుంది. సుద్దముక్క తీసి తేదీ వేశాడు, సంతకం పెట్టాడు. పైకి వచ్చి "పోండ్రి" అన్నాడు. కొండల్ వెళ్తూ వెళ్తూ, "కొత్త దుర్బీన్ల నాకెప్పుడు సూపిస్తవే?" అని అడిగాడు.

బుచ్చవ్వ నందివర్ధనం పూలు తెచ్చి మొగుడి కళ్ల మీద పెట్టింది. ప్రతి సాయంత్రం ఆ పూలు తీసేసి, అతను పెరట్లోకి పోయి గురుడిని చూసేవాడు. చుక్కల కోసం కొన్న దుర్బీను కళ్లను పరీక్షించే సాధనమైంది. రెండో రోజు అట్లాగే ఉంది. మూడో రోజు కాస్త తగ్గినట్టు అనిపించింది. నాలుగో రోజు తగ్గిందని బుచ్చవ్వకు చెప్పాడు. ఆమె నమ్మింది. అయిదో రోజు ఎప్పటికంటే ఎక్కువగా ఊగింది. ఆ సంగతి చెప్పలేదు. ఈ వారం గడవనీ అనుకున్నాడు. ప్రతి రాత్రీ సంతకం పెట్టాడు, ప్రతి తెల్లవారీ పందొమ్మిది మందీ బయటికి వచ్చారు. అట్లా వచ్చిన ప్రతిసారీ అతనికి ధైర్యం కొంచెం పెరిగింది. పాడు ధైర్యం.

ఆరో రాత్రి, బావిలో దారి దిగువకు వాలే పల్లం కొసన కప్పు కింద కూడిన గ్యాస్ అంటుకుంది. పికాసు దెబ్బకు నిప్పురవ్వ లేచిందో, మరేం జరిగిందో ఎవరికీ తెలియదు. దగ్గరున్నది కొండల్. ఇంకో ఇద్దరికి చేతులు కాలాయి. కొండల్ మరునాడు మధ్యాహ్నం దాకా బతికాడు. మాట్లాడలేదు.

మూడు రోజుల్లో మాట ఒకటి లేచింది. సర్దారు చూసి గ్యాస్ లేదని రాశాడు. మరి గ్యాస్ ఎక్కడిది? కొండల్ పని చోటు వదిలి, మూసేసిన పాత దారిలోకి దూరి బీడీ ముట్టించి ఉంటాడు. బీడీలు తాగేవాడే కదా. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ అందరికీ సులువుగా సరిపోయింది. చేతులు కాలిన ఇద్దరి ఇండ్ల ఆడవాళ్లు రామవ్వ ఎదురుపడితే ముఖం తిప్పుకున్నారు. ఒకామె వాకిట్లోకి వచ్చి, నీ మొగని బీడీ మా కొంప ముంచిందని దుమ్మెత్తి పోసి వెళ్లింది. దశరథం గోడ ఇవతల కూర్చుని అదంతా విన్నాడు. లేచి రెండడుగులు వేసి, మళ్లీ కూర్చున్నాడు.

నాలుగో రోజు విచారణ. నాలుగు కిటికీలూ తెరిచిన పెద్ద గది. అధికారి బల్ల వెనక, బావి డాక్టరు పక్కన. రామవ్వ తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. నీ మొగుడు బీడీ తాగేవాడా అని అడిగారు.

"ఇంట్ల తాగుతుండె. లోపటికి కొంచవోయెటోడు గాదు," అంది.

"సర్దారు చూసినప్పుడు అక్కడ గ్యాస్ లేదు. మరి ఎట్లా అంటుకుంది?"

రామవ్వ ఓడిపోయినట్టు అంది. "దశరథమన్న లేదన్నడంటె లేదు సార్. ఆకాశంల సుక్కల పక్క సుక్కలు సూసే కండ్లు ఆయనయి. ఆయన తప్పు సూడడు. గట్లయితె మరి మా ఆయనే ఏమన్న జేసిండో, నాకు తెల్వది." ఆ మాట పూర్తయ్యేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది.

గుమాస్తా రాసుకుంటున్నాడు. ఆ కలం కాగితం చివరికి పోకముందే దశరథం లేచి నిలబడ్డాడు.

"రాయకుండ్రి సార్," అన్నాడు. "కొండల్ ఏం జెయ్యలే. నేనే సూడలే. నా కండ్లు ఆడ్తయి. దీపం మీద ఏమున్నదో నాకు మూడు నెలల సంది అవుపడ్తలేదు. సూడకుంటనే సంతకం వెట్టిన."

అధికారి అతని కళ్లలోకి చూశాడు. అవి నిలకడగా ఉన్నాయి. నీ కళ్లు బాగానే ఉన్నాయి కదయ్యా అన్నాడు, పక్కింటి వాడి మీద జాలితో అంటున్నావా అన్నాడు. "కిటికీలు ముయ్యుండ్రి," అన్నాడు దశరథం. ఒక్కొక్కటిగా మూశారు. డాక్టరు కొవ్వొత్తి వెలిగించి దగ్గరకు వచ్చాడు, వంగాడు. కాసేపటికి అధికారి వైపు తిరిగి, నిజమేనన్నట్టు తల ఊపాడు.

ఆ మసక చీకట్లోంచి రామవ్వ గొంతు వచ్చింది. అందులో కోపం లేదు.

"నీకెప్పుడు ఎర్కయింది అన్నా?"

కొండల్ కాలిన తర్వాతే అంటే సరిపోయేది. అజీముద్దీన్ ఆ గదిలో లేడు, ఉన్నా నోరు విప్పేవాడు కాదు. బుచ్చవ్వ చచ్చినా చెప్పదు. కళ్ల జబ్బు ఎవరి తప్పూ కాదని, పాపం అని, రామవ్వ కూడా అనేదేమో.

"ఆరు దినాలు, చెల్లే," అన్నాడు దశరథం. "కొండల్ కాలకముందు ఆరు దినాల కిందనే ఎర్కయింది."